నామం సీసా

ఆళ్ళగడ్డ,
1978 ఆగస్టు 9.

శ్రీః

లూదియాకు సుభద్ర ఆశీస్సులు. నీకన్నా నాలుగు నెలలు పెద్దదాన్ని కాబట్టి ఆశీస్సులే, నమస్కారాలు కావు.

నంద్యాల కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌వి అయ్యాక నీకు నాలుగు ముక్కలు రాసే తీరిక కూడా లేకుండా పోయింది. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. నువ్వు గాజు గొట్టాల్లో వండుతున్నావు, నేను ఇత్తడి గిన్నెల్లో వండుతున్నాను. నేను వండింది తినేవాళ్ళున్నారు, అదొక్కటే నా గొప్ప.

ఇక్కడ అందరూ కులాసా. మా ఆయన వారమంతా బడిలో తెలుగు పాఠాలు చెప్పి, శనివారం అహోబిలం పోయి స్వామి సేవ చేసుకుని వస్తున్నారు. కమలవల్లికి పన్నెండో ఏడు వచ్చింది. నోటికి మాత్రం మా అత్తగారి వయసు.

అసలు సంగతి విను. మొన్న సంతలో చాగలమర్రి నుంచి పాత సీసాల వ్యాపారి వచ్చాడు. మీ కాలేజీ వేలంలో కొన్న సరుకట. అందులో ఒక పెద్ద మూతి సీసా అత్తగారి కంటబడింది. కాఫీ రంగు గాజు, బిగుతుగా కూర్చునే గాజు బిరడా. తిప్పి చూస్తే ఒక పక్క తెల్లరంగు పూసి, దాని మీద నిలువుగా ఎర్రగీత. ఆమె సీసాను కళ్ళకద్దుకున్నారు. "సూడు సుభద్రా, నామం పెట్టుకోని వచ్చింది! పెరుమాళ్ళే పంపినాడు. ఇట్లాంటిది మళ్ళా యాడ దొరుకుతాది?" అన్నారు. ఇంటికి తెచ్చి చింతపండు, బూడిద వేసి మూడుసార్లు తోమారు. ఎండలో పెట్టి, మడి కట్టుకుని నిమ్మకాయ ముక్కలు ఉప్పులో వేశారు. విజయదశమికి ఊరుతుంది. నీకు ఒక జాడీ ఎత్తిపెడతాను.

ఎప్పుడొస్తావు? అరుగు మీది గూట్లో నీ గ్లాసు అట్లే ఉంది. అట్లే ఉందని రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాశాను.

సుభద్ర


నంద్యాల,
ఆగస్టు 12, పొద్దున.
(మొదటి బస్సు కండక్టర్ రాజరత్నం చేతికి)

సుభద్రా,

ఆ ఊరగాయ ఎవరూ తినవద్దు. ముందు లేచి లోపలికి పోయి సీసాను పక్కకు పెట్టు. తరువాత వచ్చి తక్కిన ఉత్తరం చదువు.

అది నామం కాదే. ఆ తెల్లరంగు పూసింది, ఎర్రగీత గీసింది నేనే. ప్రాణం తీసే మందులున్న సీసాలకు మా ల్యాబులో నేను పెట్టుకున్న గుర్తు అది. కాఫీ రంగు పెద్ద మూతి సీసాలో ఉండింది రసకర్పూరం, అంటే పాదరసం ఉప్పు. అది సీసా మూలల్లో, బిరడా గరుకులో పట్టుకుని ఉంటుంది. చింతపండుకు పోదు, బూడిదకు పోదు. నిమ్మరసం, ఉప్పు కలిస్తే ఇంకా బాగా కరిగి ముక్కల్లోకి ఎక్కుతుంది.

ఎవరైనా తిని ఉంటే వెంటనే కోడిగుడ్డు తెల్లసొన పాలలో గిలకొట్టి తాగించు. కడుపులో ఆ విషాన్ని కదలకుండా పట్టేది అదే. ఆ వెంటనే ఆస్పత్రికి తీసుకుపో. మీ ఇంటికి రాసే ఉత్తరంలో గుడ్డు మాట ఉండకూడదని నాకు తెలుసు. ఉండాల్సి వచ్చింది. గుడ్డు దొరక్కపోతే వట్టి పాలైనా పట్టు. ఆలోచిస్తూ కూర్చోకు.

ఇంకొక్క మాట. ఊరగాయను కాలవలో పారబోయకు, పెరట్లో పూడ్చకు, సీసా పగలగొట్టకు. ఎక్కడ పారబోస్తే అక్కడికి విషం పోతుంది, అంతే తప్ప మాయం కాదు. బిరడా బిగించి ఎవరూ ముట్టని చోట పెట్టు. నేనే వచ్చి తీసుకుపోతాను.

ఎండాకాలం సెలవుల్లో నేను ఊళ్ళో లేనప్పుడు మా హెడ్డు కృష్ణస్వామి గారు స్టోరు సర్దించి ఖాళీ సీసాలన్నీ వేలం వేశారు. ఆయన సంగతి నేను చూసుకుంటాను. రాజరత్నం మా చర్చి మనిషే. తిరుగు బస్సులో జవాబు పంపు.

లూదియా


ఆళ్ళగడ్డ,
ఆగస్టు 12.

చి. లూదియాకు,

నీ ఉత్తరం అందినది. ఎవరూ ఏమీ తినలేదు. అందరూ క్షేమము. సీసాను ఎవరూ ముట్టని చోట పెట్టినారు. నీవు దిగులు పడవలదు.

సుభద్ర


నంద్యాల,
ఆగస్టు 17.

సుభద్రా,

ఇన్నేళ్ళలో నువ్వు నాకు కార్డు ముక్క రాయడం ఇదే మొదలు. పప్పులో ఉప్పు తక్కువైతే రెండు పేజీలు రాసేదానివి, విషం సీసా గురించి నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావంటే నమ్మడానికి నేనేమన్నా పాలు తాగే పాపనా? పైగా "దిగులు పడవలదు" అట. మీ ఆయన పాఠం చెప్పినట్టుంది. ఏదో జరిగింది. రాయి.

ఇక్కడ నా పని నేను మొదలుపెట్టాను. ఎర్రగీత సీసాలు మొత్తం ఐదు పోయాయి. ఒకటి మీ ఇంట్లో ఉంది. రాజరత్నం చాగలమర్రి మీదుగా పోయే కండక్టర్లందరికీ చెప్పి ఆ వ్యాపారిని పట్టుకున్నాడు. వాడి దగ్గర మూడు అమ్ముడుపోకుండా ఉన్నాయి, తెప్పించాను. ఇంకొకటి డోన్ వైపు పోయిందట. అది కూడా దొరుకుతుంది, దొరకక ఎక్కడికి పోతుంది? నా చేత్తో గుర్తు పెట్టిన సీసా నా చేతికి రావాల్సిందే.

నా పని నేను చేస్తున్నాను. నీ పని నిజం రాయడం.

లూదియా


ఆళ్ళగడ్డ,
ఆగస్టు 22.

లూదీ,

ఆ కార్డు రాసింది ఆస్పత్రి వరండాలో కూర్చుని.

నీ ఉత్తరం నేను పైకి చదువుతుంటే కమలవల్లి ముఖం పాలిపోయింది. "అమ్మా, నేను తిన్నా. నిన్న ఒక ముక్క, పొద్దున ఒక ముక్క. ఇనుము నాకినట్టుండె, ఊరలేదేమో అనుకున్యా" అంది. పొద్దున్నుంచి కడుపునొప్పి అంటూనే ఉంది, బడి ఎగ్గొట్టడానికి అనుకున్నాం. పాలు వెచ్చబెడదామని లేచి, పొయ్యి దగ్గర ఎందుకు నిలబడ్డానో మరిచిపోయాను.

అత్తగారు నన్ను ఆపి, "లూదియా ఏమి రాసిందో మళ్ళా సదువు" అన్నారు. గుడ్డు మాటతో సహా చదివాను. ఆమె మడిచీరతోనే వీధిలోకి పోయారు. ఎదురింటి దానమ్మకు నాలుగు కోళ్ళున్నాయి. "దానమ్మా! నీ కోడి గుడ్డు పెట్టిందా? రెండు ఇయ్యి, బేగా!" అని కేక వేశారు. అహోబిలం స్వాముల ఇంటి పెద్దావిడ నడివీధిలో గుడ్డు అడిగితే వీధి వీధంతా నోరు తెరిచింది. ఆమె ఎవరినీ చూడలేదు. తెల్లసొన వేరుచేయడం మాకు ఇద్దరికీ రాదు కదా, దానమ్మే మా నడవలోకి వచ్చి వేరుచేసింది. అత్తగారే మనవరాలి ముక్కు మూసి తాగించారు.

ఆస్పత్రిలో గొట్టం వేసి కడుపు కడిగారు. ఆ గుడ్డు పడకపోయి ఉంటే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు. మూత్రం సరిగ్గా వస్తోందా అని రోజూ చూసి, భయం లేదని తేలాక నిన్న ఇంటికి పంపారు. ఇప్పుడు గంజి వద్దు, దోసె కావాలని పోట్లాడుతోంది.

నీ దగ్గర ఎందుకు దాచానంటే, గుడ్డు సంగతి కార్డు మీద రాస్తే పోస్టుమాన్ చదువుతాడని కొంచెం. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఇది వింటే నువ్వు ఆ కృష్ణస్వామి గారి మీదికి పోతావని చాలా. నా బిడ్డ బతికింది. నీ అన్నం పోగొట్టడం నాకు ఇష్టం లేదు.

నాలుగోనాడు ఆస్పత్రికి వచ్చి అత్తగారు, "మూడుతూర్లు తోమితినే. మైల ఎట్లా మిగిలె?" అన్నారు.

సుభద్ర


నంద్యాల,
ఆగస్టు 27.

సుభద్రా,

నీ ఉత్తరం చదివి ల్యాబు తలుపు వేసుకుని ఏడ్చాను. ఏడవడం అయిపోయింది. ఇప్పుడు పనికొచ్చే సంగతులు రాస్తాను.

మొదట అత్తగారికి. పిల్లను కాపాడింది ఆమే. నేను చెప్పాను, ఆమె చేశారు. చెప్పడం సులువు. కానీ దాన్ని మైల అనవద్దని చెప్పు. ఆ మాట మా వాళ్ళు తరతరాలుగా మోశారు, నేనూ మీ అరుగు మీద కూర్చుని మోశాను. మైల అని ఎవరో ఒకరు అంటేనే మైల. ఇది ఎవరు ఏమన్నా అనకున్నా ప్రాణం తీస్తుంది. రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే నాకు కోపం వస్తుంది. ఇన్నాళ్ళూ నీకు ఇది చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

తరువాత కృష్ణస్వామి గారి సంగతి. నువ్వు భయపడినట్టే ఆయన మీదికి పోయాను. "అన్నీ కడిగించే అమ్మినామమ్మా. పచ్చి నిమ్మకాయ తింటే ఎవరికైనా కడుపునొప్పే" అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. వచ్చే నెల యూనివర్సిటీ నుంచి తనిఖీ కమిటీ వస్తోంది. స్టోరులో మిగిలిన పాత మందులన్నీ అంతకుముందే ల్యాబు వెనకాల పాడుబావిలో పారబోయమన్నారు. ఆసిడ్లు, రసకర్పూరం, సైనైడు, అన్నీ కలిపి! సైనైడు మీద ఆసిడ్డు పడితే వచ్చే ఆవిరికి పోసేవాడు బావిగట్టు మీదే పోతాడు. పైగా ఆ పాడుబావికీ, హాస్టలు వంటకు నీళ్ళు తోడే బావికీ నడుమ ఒక్క ప్రహరీ గోడే అడ్డం. పిల్లకాయలు గోడ దూకితే మందలిస్తాం, భూమి కింద పారే నీళ్ళను ఎవరు మందలిస్తారు?

నేను పోయను అన్నాను. "నీ పర్మనెంటు ఫైలు నా టేబులు మీదుంది, తెలుసా?" అన్నారు. "ఫైలు ఆడనే ఉండనీండి సార్. స్టోరు తాళంచెవి నా కొంగున ఉంది" అన్నాను. ఆ తాళంచెవి ఇంకా నా కొంగుననే ఉంది. దాన్ని విప్పించుకోవాలంటే ఆయన నన్ను ఉద్యోగం నుంచి తీయాలి. తీస్తాడేమో కూడా. అయినా హాస్టలు నిండా ఉన్న పిల్లలు తాగే నీళ్ళ కన్నా నా ఫైలు ఎక్కువ కాదు.

నాకు సాక్ష్యం కావాలి, అది బయటి నుంచి రావాలి. ఒక రాగి తీగ ముక్కను చింతపండుతో తళతళలాడేలా తోము. మట్టి ముంతలో ఆ ఊరగాయ ఊట కొంచెం పోసి, తీగను అందులో పడేసి కాసేపు ఉండనీ. పాదరసం ఉంటే రాగి మీద తెల్లగా పూత ఎక్కుతుంది. చేత్తో ముట్టకుండా పుల్లతో తీసి, గుడ్డలో చుట్టి పంపు. ముంతను కూడా ఆ సీసా పక్కనే పెట్టు.

లూదియా


ఆళ్ళగడ్డ,
సెప్టెంబరు 2.

లూదీ,

నీ ఉత్తరం దాచకుండా మొత్తం అత్తగారికి చదివి వినిపించాను. మైల మాట దగ్గర దాటేద్దామా అనుకున్నాను. దాటేస్తే నీ ముందు ఎప్పటికీ తల ఎత్తలేనని చదివాను. ఆమె మొత్తం విన్నారు. నువ్వు రాసింది నిజం. నేను ఆ అరుగు గడప లోపల నిలబడి చూస్తూ ఊరుకున్నదాన్ని.

ఇంట్లో రాగి తీగ లేదు. వెతుకుతుంటే అత్తగారు దేవుడి గదిలోకి పోయి తీర్థం ఇచ్చే ఉద్ధరిణి తెచ్చారు. నేను "అయ్యో, అదెందుకు అత్తా" అన్నాను. "రాగి కావాలనె కదా? ఇదీ రాగే" అని తోమి, తానే ముంతలో వేశారు. తీర్థపు చెంచా ఊరగాయ ఊటలో మునగడం చూసి మా ఆయన లేచి బయటికి పోయారు.

పుల్లతో పైకి తీస్తే మునిగినంత మేర బూడిదరంగు ఎక్కింది. పాతగుడ్డతో అదిమి తుడిస్తే వెండిలాగా మెరిసింది. అత్తగారు దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆ తరువాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"లూదియా సెప్పింది నిజమే. మైలంటే నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు? ఇది మైలైతే తోమినప్పుడే నాకు తెలిసిండేది. ఇది వేరే."

ఇంకొక సంగతి విని కూర్చో. మీ కృష్ణస్వామి ఎవరనుకున్నావు? ఉత్తరంలో ఆ పేరు మళ్ళీ వినేసరికి అత్తగారే గుర్తుపట్టారు, ఆమె సొంత అన్న కొడుకు! తల్లి లేని పిల్లవాడని హైస్కూలు చదువు అయ్యేదాకా ఈమే సాకారట. ఆ కృష్ణస్వామే ఈ కృష్ణస్వామి అని ఇన్నాళ్ళూ మాకు తట్టలేదు, ఇంట్లో అందరం కిట్టప్ప అనే అంటాం. ఉద్ధరిణిని గుడ్డలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి రాజరత్నం చేతికి ఇచ్చారు. నాతో ఒక చీటీ రాయించారు. దాని నకలు ఇది:

"ఒరే కిట్టప్పా, మీ కాలేజీ సీసాలో ముంచిన ఉద్ధరిణి ఇది. దీంతో తీర్థం పోస్తే తాగుతావా? తాగుతానంటే ఆ మందులు బావిలో పోసుకో. తాగనంటే లూదియా సెప్పినట్టు సెయ్యి. ఇట్లు, మీ మేనత్త."

సుభద్ర


నంద్యాల,
సెప్టెంబరు 23.

సుభద్రా,

ఆలస్యానికి మన్నించు. ఇరవై రోజులుగా నా చేతులు సున్నంలో ఉన్నాయి.

డబ్బా వచ్చిన రోజు కృష్ణస్వామి గారు దాన్ని స్టాఫ్ రూములో అందరి ముందే విప్పారు. ఇంటి నుంచి ప్రసాదం వచ్చిందనుకున్నారు పాపం. ఉద్ధరిణి చూశారు, చీటీ చదివారు, మళ్ళీ ఉద్ధరిణి చూశారు. కాసేపటికి ల్యాబుకు వచ్చి "తాళంచెవి ఇయ్యమ్మా. పారబోసేదానికి కాదు, సూసేదానికి" అన్నారు. కొంగు విప్పి ఇచ్చాను.

ఆ తరువాత ఆయన వెనక్కి చూడలేదు. కొలిమిగుండ్ల నుంచి ఒక బండి సున్నపురాతి ముక్కలు తెప్పించి సిమెంటు గుంత కట్టించారు. ఆసిడ్లు నీళ్ళలో పలచన చేసి, కొంచెం కొంచెంగా ఆ రాళ్ళ మీద పోసి, ఘాటు విరిగిందని చూశాకే వదులుతున్నాం. రసకర్పూరాన్ని నీళ్ళలో కరగని నల్లటి మడ్డిగా మార్చి, జాడీల్లో పెట్టి మూతి సిమెంటుతో మూసేశాం. సైనైడు ఆసిడ్ల ఛాయలకు కూడా రాకుండా వేరే గదిలో, వేరే తాళంతో ఉంది. దేని జాడీ దానిదే. ఒకదాని గరిటె ఇంకోదాన్ని తాకదు. ఇంట్లో అంత మడి పాటించే మనిషి ఇన్నాళ్ళూ ల్యాబులో అన్నీ ఒకే తొట్టిలో ఎట్లా పోశారో అని నేను నవ్వితే, "నాకూ అదే నవ్వొస్తాంది లేమ్మా" అన్నారు. ఇప్పుడు ఖరాకండిగా చెప్పారు, ఖాళీ సీసా ఒక్కటి కూడా గేటు దాటదు.

ఐదో సీసా డోన్‌లో ఒక టీ హోటలులో దొరికింది. చక్కెర పోసుకుందామని పెట్టుకుని, బిరడా బిగుసుకుపోయి తెరవలేక ఊరుకున్నాడట. దేవుడు ఒక్కోసారి బిరడాలో ఉంటాడు.

కమిటీ వచ్చింది, గుంత చూసింది, ఇది ఎవరి ఆలోచన అని అడిగింది. "లూదియా మేడమ్‌ది. నేను కాదంటే మా మేనత్త ఒప్పుకోలేదు" అన్నారు కృష్ణస్వామి గారు. నా ఫైలు ఆయన టేబులు మీద నుంచి ప్రిన్సిపాలు టేబులుకు పోయింది, సంతకంతో. ఎర్రగీత గుర్తు మానేశాను. ఇప్పుడు పుర్రె బొమ్మ వేస్తున్నాను. దాన్ని మాత్రం ఎవరూ కళ్ళకద్దుకోరు.

శనివారం మొదటి బస్సుకు వస్తాను. సీసా, ముంత తీసుకుని అదే బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కేస్తాను. అత్తగారిని ఇబ్బంది పెట్టకు. అరుగు మీదే కూర్చుంటాను. నా గ్లాసులో ఇంత మజ్జిగ పోస్తే చాలు.

లూదియా


ఆళ్ళగడ్డ,
సెప్టెంబరు 26.

లూదీ,

నీ గ్లాసు గూట్లో లేదు.

ఈ సంగతి నెలన్నరగా నీ దగ్గర దాస్తున్నాను. ఇదే చివరిది, ఇంక దాచినవేమీ లేవు. కమలవల్లిని తీసుకుని మేము ఆస్పత్రిలో ఉన్నప్పుడు అత్తగారు ఒక్కరే ఆ సీసాతో ఇంట్లో ఉన్నారు. తిరిగి వచ్చి చూస్తే అరుగు మీది గూట్లో సీసా ఉంది, గ్లాసు లేదు. పారేశారనుకున్నాను. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నీకు రాయడానికి అసలే చాలలేదు. నీ ఉత్తరాలు ఒక్కొక్కటి వస్తుంటే, బిడ్డను బతికించిన మనిషికి మా ఇంట్లో గ్లాసు కూడా మిగలలేదే అని కుమిలిపోయాను.

నిన్న నీ ఉత్తరం అత్తగారికి చదువుతున్నాను. "నా గ్లాసులో ఇంత మజ్జిగ" దగ్గర చదవడం ఆపేశాను. అత్తగారు "ఏమైందే?" అన్నారు. ఇంక పట్టలేక అడిగేశాను.

"పారేస్తానా? ఎవరూ ముట్టని సోట పెట్టమని రాసింది కదా ఆయమ్మ. సీసా ఎత్తుకోని ఇల్లంతా తిరిగినా. వంటింట్లో అందరూ ముడ్తారు. అటక మీదికి పిల్ల ఎక్కుతాది. దేవుని గదిలో పెట్టేది కాదు. ఎవరూ ముట్టని సోటు మన ఇంట్లో ఆ గూడు ఒకటే ఉండె. సీసా పట్టాలంటే గ్లాసు తియ్యాల" అన్నారు. గూటి వైపు చూసి, "విషం పెట్టే సోట మనిషి గ్లాసు పెట్టింటిమి ఇన్నాళ్ళు" అన్నారు.

గ్లాసు ఏదీ అన్నాను. తోమి వంటింట్లో అన్నిటితో పాటు పెట్టానన్నారు. పోయి చూశాను. అన్నీ ఒకే అంగట్లో కొన్న స్టీలు గ్లాసులు, ఒక్కదాని మీద కూడా పేరు లేదు. "ఏదత్తా?" అంటే, "నన్నడిగితే? అన్నీ ఒగే మాదిరి ఉండాయి" అన్నారు.

శనివారం మొదటి బస్సుకు రా. తిరుగు బస్సు ఎక్కనివ్వను, భోజనం చేసి పోవాలి, లోపల, మా పక్కన. దానమ్మను కూడా పిలిచారు. ఏ గ్లాసులో మజ్జిగ పోస్తానో నాకు తెలియదు. నెలన్నరగా అందరం వాటితోనే తాగుతున్నాం, అత్తగారితో సహా. మా అందరి నోటికీ నీ గ్లాసు ఎన్నిసార్లు వచ్చిందో ఎవరికి తెలుసు?

సుభద్ర